నేల ఖాతాలో నిలవ ఉన్న గింజలు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం. కార్యదర్శిగారి కోరికపై ప్రత్యేక సంచిక కోసం రాసి ఇచ్చినది.)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకోవడానికి ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. పింఛను ప్రభుత్వం వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కని ఆ తీర్పు చెప్పింది. డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడవలసిన వారు నా తరవాత ఉన్నారు. వారి సమయం ఎక్కువ తీసుకోను. నేను మాట్లాడబోయేది కలుపు మొక్కల గురించి, అంతకన్నా ముఖ్యంగా నేలలో కంటికి కనపడకుండా పడి ఉన్న గింజల గురించి. పింఛనుదారుల సభలో గడ్డి గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. దానికి కారణం ఉంది.

మన సంఘ భవనం వెనుక ఉన్న అయిదు గుంటల ఖాళీ స్థలం మీకందరికీ తెలిసిందే. భవనం కట్టినప్పుడు పునాదుల మట్టి అంతా అక్కడే పోశారు. తరవాత పైపుల కోసం ఒకసారి, ప్రహరీ కోసం మరొకసారి తవ్వారు. ఇప్పుడక్కడ నడుము ఎత్తున వయ్యారిభామ తప్ప మరేమీ లేదు. కార్యవర్గం ముందున్న ప్రతిపాదన ప్రకారం ఒక రోజు జె.సి.బి. పెట్టించి, ఉన్నదంతా గీకించి, నాలుగు ట్రాక్టర్ల మట్టి పోయించి చదును చేయించాలి. మన పెద్దలు సాయంత్రం నడవడానికి, పిల్లలు ఆడుకోవడానికి వీలుగా ఉండాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని ఆ పద్ధతిలో ఆ పని నెరవేరదని, పైగా వయ్యారిభామకు మనమే మేలు చేసినవాళ్లమవుతామని నా మనవి. తీర్మానం మీద సంతకాలు కాకముందే ఈ నాలుగు మాటలు వినండి.

మొదట మొక్క సంగతి. క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న చిన్న తెల్లని పూలు. వయ్యారిభామ అనీ, కాంగ్రెసు గడ్డి అనీ, పిచ్చి మాచిపత్రి అనీ పిలుస్తారు. మన సంఘానికి రాజకీయాలతో సంబంధం లేదు గనుక రెండో పేరు ఎలా వచ్చిందనే చర్చ జోలికి పోను. శాస్త్రజ్ఞులు పార్థీనియం అంటారు. దీని పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణ ప్రాంతాలు, మెక్సికో సింధుశాఖ పరిసరాలు. 1955లో పూనాలో దీన్ని గుర్తించారు, 1956లో ఆ విషయం ప్రకటించారు. పి.ఎల్. 480 గోధుమలతో వచ్చిందని మనమంతా చిన్నప్పటి నుంచి వింటున్నాం. తేదీలు సరిచూడటం గుమాస్తాకు పోని అలవాటు. ఆ పథకం కింద మన దేశం మొదటి ఒప్పందం చేసుకున్నది 1956 ఆగస్టులో. మొక్క కనపడింది అంతకు ముందు ఏడు. 1951లో కూడా అమెరికా నుంచి ఆహార సహాయం వచ్చింది గనుక గోధుమలతో వచ్చిందన్న మాటను పూర్తిగా కొట్టివేయలేము. కాని ఆ ఒక్క ఒప్పందం నెత్తిన నేరమంతా పెట్టడానికి మాత్రం తేదీలు ఒప్పుకోవు. ఎలా వచ్చినా, దాదాపు డెబ్భై ఏళ్లలో దేశమంతా పాకింది.

దీనివల్ల వచ్చే బాధలు మీకు తెలియనివి కావు. ఇందులోని పార్థీనిన్ అనే పదార్థం వల్ల కొందరికి ఒంటిమీద దద్దుర్లు, దురద, చర్మం మొద్దుబారడం వస్తాయి. పుప్పొడి వల్ల తుమ్ములు, ఆయాసం వస్తాయి. పశువులు మేస్తే పాలు చేదెక్కుతాయి. మన వయసులో ఆయాసం ఉన్నవారికి ఆ పక్కన నడక ఆరోగ్యం మాట అటుంచి, రోగం తెచ్చిపెడుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మనం పైన చూసే మొక్కలు నేలలో ఉన్న సంపదలో ఒక చిన్న భాగం మాత్రమే. ఏ నేలలోనైనా ఇప్పుడు మొలవని, కాని మొలవగల గింజలు ఎన్నో పడి ఉంటాయి. శాస్త్రజ్ఞులు దీన్ని నేలలోని విత్తన బ్యాంకు అంటారు. పేరు మనలాంటి వారి కోసమే పెట్టినట్టుంది. ఏటా రాలే గింజలు జమ. మొలిచినవి, చీమలూ పురుగులూ తిన్నవి, కుళ్లినవి ఖర్చు. మిగిలింది నిలవ.

ఈ నిలవ ఎంత ఉంటుందో మొట్టమొదట లెక్కపెట్టిన వారిలో చార్లెస్ డార్విన్ ఒకరు. ఒక చిన్న చెరువు అంచున నీటి అడుగు నుంచి మూడు చెంచాల బురద తీసుకొని, తన గదిలో మూత పెట్టి ఆరు నెలలు ఉంచాడు. మొలిచిన ప్రతి మొక్కనూ పీకి లెక్క రాశాడు. మొత్తం 537 మొక్కలు. ఆ బురద అంతా కలిపితే ఒక కాఫీ కప్పులో పట్టేంత. 1859లో వెలువడిన తన గ్రంథంలో ఈ లెక్క రాశాడు.

ఈ గింజలు ఎన్నాళ్లు బతుకుతాయి అనే ప్రశ్న అమెరికాలో విలియం జేమ్స్ బీల్ అనే ఆచార్యుడికి వచ్చింది. మిషిగన్ వ్యవసాయ కళాశాలలో 1879లో ఆయన 20 సీసాలు తీసుకొని, ఒక్కో సీసాలో ఇసుకతోపాటు ఇరవైకి పైగా రకాల మొక్కల గింజలు, రకానికి 50 చొప్పున వేసి, నేలలో పాతిపెట్టాడు. అయిదేళ్లకొక సీసా తీసి, గింజలు మొలకెత్తుతాయేమో చూడాలన్నది ఏర్పాటు. తరవాతి వాళ్లు దాన్ని పదేళ్లకు, ఆపైన ఇరవై ఏళ్లకు పొడిగించారు. బీల్ 1924లో కాలం చేశాడు. పని ఆగలేదు. 2021లో ఒక సీసా తీశారు. పగటి వెలుతురు తగిలితే మిగిలిన సీసాల్లోని గింజలు మేలుకొంటాయని రాత్రిపూట పటం పట్టుకొని వెళ్లి తవ్వారు. 142 ఏళ్ల కిందట పాతిన గింజల్లో ఒక జాతి కలుపు మొక్క మొలిచింది. మిగిలిన రకాలు చాలావరకు ఎన్నడో చచ్చిపోయాయి. తరువాతి సీసా తీయవలసింది 2040లో, చివరిది 2100లో.

ఇందులో మనకు పనికివచ్చే సంగతులు రెండు ఉన్నాయి. ఒకటి, అన్ని గింజల ఆయుర్దాయం ఒకటి కాదు. వేప గింజ కొద్ది వారాల్లోనే జీవం కోల్పోతుంది, నేలలో నిలవ ఉండదు. గట్టి పెంకు ఉన్న తంగేడు, తుమ్మ వంటివి ఏళ్ల తరబడి ఉంటాయి. రెండోది, చాలా చిన్న గింజలకు మేలుకొలుపు వెలుతురే. మట్టిలో కప్పబడి ఉన్నంతకాలం అవి నిద్రపోతాయి. నాగలో, పారో, జె.సి.బి.యో వచ్చి మట్టిని తిరగవేసినప్పుడు ఒక్క క్షణం వెలుతురు తగిలినా చాలు, వాన పడగానే లేస్తాయి. తవ్విన చోటల్లా కలుపు ఎగబడి మొలవడానికి కారణాల్లో ఇది ఒకటి. అక్కడ నీడ ఉండదు, పోటీకి వేరే మొక్క ఉండదు. రోడ్డు పక్కలు, కాలువ గట్లు, ప్లాట్లు చేసి వదిలేసిన చేలు, మట్టి తోడుకున్న గుంటలు అన్నీ ఇలాంటి కెలికిన నేలలే.

ఇలాంటి నేలలో వయ్యారిభామ ఖాతా ఎలా నడుస్తుందో చూడండి. ఒక్కో పూలబొడిపెలో గరిష్ఠంగా 5 గింజలే ఉంటాయి. అయిదే కదా అనుకుంటే పొరపాటు. బాగా పెరిగిన ఒక్క మొక్క పది వేల పైచిలుకు, 25 వేల దాకా గింజలు రాలుస్తుంది. మొలిచిన నెల, నెలన్నరకే పూత మొదలవుతుంది. తడి దొరికితే ఏడాదిలో రెండు మూడు కాపులు కూడా వస్తాయి. గింజ ఎంత తేలికంటే గాలికి, వాన నీటికి, బండి చక్రాల బురదకు, చెప్పులకు అంటుకొని పోతుంది.

వీటి నిలవను జాగ్రత్తగా లెక్కపెట్టిన వారు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ శాస్త్రజ్ఞులు. అక్కడికీ ఈ మొక్క పరాయిదే. 1960 ప్రాంతంలో అమెరికాలోని టెక్సాస్ నుంచి తెప్పించుకొన్న పచ్చిక విత్తనంలో కలిసి వచ్చి పశువుల బీళ్లన్నీ ఆక్రమించింది. 1998లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం, నేలపైన పడి ఉన్న గింజలు ఆరు నెలలకు మించి బతకలేదు. రెండంగుళాల లోతున పాతిన వాటిలో రెండేళ్ల తరవాత కూడా నూటికి డెబ్భైకి పైగా జీవంతో ఉన్నాయి. ఆ లెక్కన నిలవ సగానికి తగ్గడానికి సుమారు ఆరేళ్లు పడుతుందని అంచనా వేశారు.

ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకొని మన జె.సి.బి. ప్రతిపాదనను మళ్లీ చదవండి. నేలపైన రాలిన గింజ సేవింగ్స్ ఖాతాలో సొమ్ములాంటిది, ఆరు నెలల్లో ఎటో ఒకవైపు ఖర్చయిపోతుంది. దాన్ని యంత్రంతో మట్టి కిందికి తిరగవేయడమంటే వయ్యారిభామ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించడమే. అదే సమయంలో ఎప్పటివో పాత డిపాజిట్లు పైకి వచ్చి, గడువు తీరి, తొలకరికి చేతికి అందుతాయి. ఇక ట్రాక్టర్లతో బయటి నుంచి తెచ్చి పోసే మట్టి ఎక్కడిదో మనకు తెలియదు. అది రోడ్డు పక్క మట్టి అయితే మరో చోటి నిలవను కూడా ఇక్కడికి బదిలీ చేయించుకొన్నట్టే. డబ్బు మనది, లాభం దానిది. పైన పిచికారీ చేసే గ్లైఫోసేట్ వంటి గడ్డిమందు కూడా మొలిచిన మొక్కనే చంపుతుంది, నేలలోని గింజను అంటదు.

అదే క్వీన్స్‌లాండ్‌లో ఒక వాగు దగ్గర నేలను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. ఒక చదరపు మీటరు చోటులో, అంటే మనం కూర్చునే చాప వెడల్పులో, ఇరవై వేల నుంచి నలభై నాలుగు వేల పైచిలుకు గింజలు తేలాయి. వాటిలో నూటికి 65 నుంచి 87 దాకా వయ్యారిభామవే. మిగిలిన రకాల వైవిధ్యం కూడా తగ్గిందని వారు గమనించారు. అసలు నష్టమంతా ఇక్కడే ఉంది. పైన వయ్యారిభామ దట్టంగా కమ్మితే కింద గడ్డి, మూలికలు పూయవు, కాయవు. వాటి ఖాతాలో జమ ఆగిపోతుంది. ఖర్చు మాత్రం ఆగదు. గింజలు ఏటా కొన్ని మొలిచి చస్తాయి, కొన్ని కుళ్లుతాయి. కొన్నేళ్లకు వాటి ఖాతా నిల్ అవుతుంది. అప్పుడు వయ్యారిభామను పూర్తిగా పీకివేసినా వాటి చోటు భర్తీ చేయడానికి నేలలో ఎవరూ మిగలరు. మళ్లీ అదే వస్తుంది, లేకపోతే మరో పరాయి మొక్క వస్తుంది.

ఇది పుస్తకాల్లోని మాట మాత్రమే కాదు. మన ఇళ్లలో ఏటా ఒకసారి ఈ ఖాతా తనిఖీ జరుగుతూనే ఉంటుంది. వినాయక చవితి పత్రి గుర్తు తెచ్చుకోండి. ఇరవై ఒక్క పత్రుల్లో మారేడు, మామిడి, రావి, జమ్మి వంటివి చెట్లవి. కాని గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, విష్ణుక్రాంతం, వాకుడు, జిల్లేడు ఎవరూ పెంచినవి కావు. ఊరి ఖాళీ స్థలాల్లో, గట్ల మీద, దారి పక్కన వాటంతట అవే మొలిచేవి. ఆనాడు పిల్లలు తెల్లవారుజామున బయలుదేరి గంటలో సంచి నింపుకొని వచ్చేవారు. ఈనాడు బజారులో కట్ట కొనుక్కుంటున్నాం. వయ్యారిభామ ఆకు చూడటానికి మాచిపత్రిలా ఉంటుంది గనుక తెలియని పిల్లలు దాన్నే కోసుకొచ్చే ప్రమాదం కూడా ఉంది. బతుకమ్మకు తంగేడు పువ్వు, గునుగు పువ్వు ఎంత దూరం పోయి తెస్తున్నారో ఇక్కడున్న అమ్మలను, అక్కయ్యలను అడిగితే చెబుతారు. తంగేడు మన రాష్ట్ర పుష్పం. రాష్ట్ర పుష్పాన్ని రాష్ట్రంలో వెతుక్కోవలసి రావడం బాగుండదు. ఇళ్లు పెరిగాయి, చేలు ప్లాట్లయ్యాయి, అదీ నిజమే. కాని ఖాళీగా మిగిలిన చోట కూడా అవి రావడం లేదంటే నేల ఖాతా చూడవలసిందే.

పరాయి మొక్కలన్నీ దొంగచాటుగా వచ్చినవి కావు. కొన్నిటిని ఉత్తర్వులతో పిలిపించాం. సర్కారు తుమ్మ పేరులోనే ఆ సంగతి ఉంది. వంటచెరకు కోసమని 1870ల చివర అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ దాని గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించింది. దాని ఖాతా తీరు వేరు. గట్టి పెంకు గింజలు, చుట్టూ తియ్యని కాయ. మేకలూ గొర్రెలూ పశువులూ కాయలు తిని, పేడలో గింజలను ఊరంతా పంచుతాయి. కడుపులో నానిన గింజ తేలికగా మొలుస్తుంది. పేదవారికి పొయ్యిలోకి కట్టె, బొగ్గు బట్టీలకు సరుకు ఇచ్చిన మాట కాదనను. కాని చెరువు శిఖం భూముల్లో, బీళ్లలో గడ్డికి చోటు లేకుండా చేసింది. ఫైలు మీద సంతకం చేసినప్పుడు నేల కింద వందేళ్ల తరవాత నిలవ ఎంత ఉంటుందో ఎవరూ లెక్క వేయలేదు. మనం చేయబోయే చిన్న పనికైనా ఆ లెక్క వేసుకుందామని నా మనవి.

నిరాశపడవలసిన పని లేదు. దీనికి మన పొరుగునే మంచి ఉదాహరణ ఉంది. వయ్యారిభామను మాత్రమే ఇష్టపడి తినే ఒక పెంకు పురుగును మెక్సికో నుంచి 1983లో తెప్పించి, పరీక్షలు చేసి, 1984లో బెంగుళూరు పరిసరాల్లో వదిలారు. కొన్నేళ్లకు అది బాగా స్థిరపడింది. వర్షాకాలంలో ఆకులన్నీ తినివేసి మొక్కను పూత దశకు రాకుండా చేసింది. అలా వయ్యారిభామ పలచబడిన చోట్ల, అంతవరకు దాని కింద అణగి ఉన్న సుమారు నలభై రకాల మొక్కలు తిరిగి లేచాయని ఆ శాస్త్రజ్ఞులు 1996లో రాశారు. అంటే అక్కడ నేలలోనూ చుట్టుపక్కలా పాత నిలవ ఇంకా మిగిలి ఉందన్నమాట. పై అడ్డు తొలగగానే తమ చోటు అవే తీసుకున్నాయి. ఆ పురుగు ఎండాకాలంలో మట్టిలో నిద్రపోతుంది, అన్ని చోట్లా ఒకేలా పని చేయదు. కాబట్టి పని మొత్తం దాని మీద వదిలివేయలేము. కాని ఆలస్యం కాకముందు అడ్డు తీస్తే నేల తన బాగు తానే చూసుకొంటుందని మాత్రం అది నిరూపించింది.

మన నేలలో ఏమి మిగిలిందో తెలుసుకోవడం కష్టం కాదు. నిరుడు తొలకరికి ముందు నేను మూడు పాత తట్టల్లో ఇసుక పోసి, పైన పలచగా మూడు చోట్ల మట్టి పరిచి, మేడ మీద నీడపట్టున పెట్టి రోజూ నీళ్లు చిలకరించాను. ఒకటి భవనం వెనుక స్థలం మధ్యనుంచి తెచ్చినది, ఒకటి ప్రహరీ వారన ఎప్పుడూ తవ్వని మూల నుంచి తెచ్చినది, ఒకటి చెరువు గట్టుది. మొలిచినవాటిని గుర్తుపట్టేంత పెరగనిచ్చి, పీకి, పుస్తకంలో టిక్కు పెట్టుకున్నాను. స్థలం మధ్య మట్టిలో దాదాపు అన్నీ వయ్యారిభామ మొలకలే. ప్రహరీ వారన మట్టిలో వయ్యారిభామతోపాటు ఉత్తరేణి, వెంపలి, రెండు మూడు రకాల గడ్డి వచ్చాయి. గట్టు మట్టిలో ఇంకా ఎక్కువ రకాలు వచ్చాయి. మూడు తట్టలతో శాస్త్రం తేలదు, అది శాస్త్రజ్ఞుల పని. అయినా ఆ మూల మట్టిలో మనవాళ్లు ఇంకా ఉన్నారని నాకు రూఢి అయింది. పిల్లలకు సెలవుల్లో ఇంతకన్నా మంచి కాలక్షేపం లేదు, మీ మనవలతో చేయించి చూడండి.

ఇక చేయవలసిన పని. కార్యవర్గం పరిశీలన కోసం వరుసగా మనవి చేస్తాను.

మొదటిది, ఆ స్థలాన్ని యంత్రంతో తిరగవేయించవద్దు. నడవడానికి కావలసిన బాట మేరకు మాత్రం చదును చేయించి రాయి పరిపిద్దాం. బయటి మట్టి తెప్పించవద్దు. తప్పనిసరి అయితే లోతు గుంటల్లోని మొరం తెప్పిద్దాం, రోడ్డు పక్క పైమట్టి మాత్రం వద్దు. వచ్చే బండ్ల చక్రాలు బయటే కడిగిద్దాం. క్వీన్స్‌లాండ్‌లో వాహనాలు కడగడానికి ప్రత్యేకంగా కేంద్రాలే పెట్టారు.

రెండోది, జమ ఆపాలి. మొక్క పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకించాలి. పీకేవారికి చేతులకు తొడుగులు, ముఖానికి గుడ్డ, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆయాసం, చర్మవ్యాధి ఉన్నవారు దగ్గరికి రావద్దు. పూత లేని మొక్కను ఎరువు గుంటలో వేయవచ్చు. పూత వచ్చినదాన్ని పెంటకుప్ప మీద వేయకూడదు, గోనెలో కాక ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎండలో కుళ్లనివ్వాలి. జబల్పూరులోని కలుపు పరిశోధనా సంస్థ ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ అవగాహన వారోత్సవం జరుపుతోంది. మనం కూడా ఆ వారం పెట్టుకొందాం. కాని ఆ ఒక్క వారం చాలదు. మొక్క నెలన్నరకే పూస్తుంది గనుక వానాకాలమంతా పదిహేను రోజులకొకసారి చూడాలి.

మూడోది, ఖర్చు పెంచాలి. మన రైతులు తొలి వానకు కలుపు మొలవనిచ్చి, దాని మీద గుంటక తోలి, ఆ తరువాతే విత్తేవారు. అదే ఇక్కడా చేద్దాం. తొలకరికి మొలిచిన మొలకలన్నిటినీ పైపైన, అంగుళం లోతుకు మించకుండా పారతో చెక్కించాలి. లోతుకు పోతే కింది నిలవ పైకి వస్తుంది. ఇలా ఒక వానాకాలంలో రెండు మూడుసార్లు మొలిపించి చంపితే పై పొరలోని నిలవ వేగంగా తగ్గుతుంది.

నాలుగోది, మన పేరున జమ చేయాలి. ఖాళీ నేలను వదిలితే ఎవరో ఒకరు ఆక్రమిస్తారు, అది భూమి కబ్జాల కాలంలో ఉన్న మనకు చెప్పనక్కరలేదు. ఇప్పుడు డిసెంబరు. తంగేడు కాయలు, తగిరిస కాయలు, వెంపలి కాయలు ఎండి ఉన్నాయి. తగిరిసను కొన్ని చోట్ల తంటెం అంటారు. వయ్యారిభామకు పోటీగా దాన్ని చల్లమని కలుపు శాస్త్రజ్ఞులే సలహా ఇస్తున్నారు. నడకకు పోయినప్పుడు జేబులో ఒక కాగితం పొట్లం పెట్టుకొని, దొరికినన్ని గింజలు తెండి. తొలి వానలకు చల్లుదాం. తంగేడు గింజలకు పెంకు గట్టి గనుక మరిగించి దించిన నీళ్లలో వేసి ఒక రాత్రి నాననివ్వాలి. గరిక వేళ్లు చెరువు గట్టు నుంచి తెచ్చి నాటుదాం. ప్రహరీ వారన ఆ మూలను మాత్రం ఎవరూ తవ్వకుండా, వయ్యారిభామను చేత్తో పీకుతూ, అలాగే ఉంచుదాం. అక్కడి గింజలు క్రమంగా మిగిలిన స్థలంలోకి నడిచి వస్తాయి.

అయిదోది, లెక్క రాయాలి. ఏ తేదీన ఎన్ని మొక్కలు పీకాం, ఏమి చల్లాం, ఏమి మొలిచింది అని ఒక రిజిస్టరు పెట్టుకుందాం. ఈ సభలో ఉన్నవారిలో సగం మంది రిజిస్టర్లు రాసే బతికాం. ఈ పనికి మనకంటే తగినవారు దొరకరు.

ఇది ఎన్నాళ్ల పని అని మీరడుగుతారు. నిలవ సగమవడానికే సుమారు ఆరేళ్లని ఇందాక చెప్పాను. మొదటి మూడేళ్లు కష్టం, ఆ తరవాత కాపలా. డెబ్భై దాటిన వాళ్లం ఆరేళ్ల పథకం వేసుకోవడం ఏమిటని నవ్వు వస్తే నవ్వండి. ఏటా నవంబరులో బతికి ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చుకునే వాళ్లమే కదా! కాని సర్వీసులో మనం మొదలుపెట్టిన ఫైళ్లన్నీ మనమే ముగించామా? బదిలీ అయినప్పుడు చార్జి లిస్టు రాసి, వచ్చినవారి చేత సంతకం పెట్టించుకొని కదిలాం. ఫైలు నడిచింది. బీల్ గారు పాతిన సీసాను 2021లో తీసినవారు ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు పుట్టినవారు. వారి దగ్గర ఉన్నది ఒక పటం, ఒక సూచనల కాగితం. చార్జి సక్రమంగా అప్పగిస్తే పని మనిషిని దాటి సాగుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

జె.సి.బి.కి, మట్టికి కేటాయించదలచిన సొమ్ములో కొంత భాగం కూలీలకు, చేతి తొడుగులకు, ఒక రిజిస్టరుకు సరిపోతుంది. మిగిలింది బాటకు వాడవచ్చు. పదిహేను రోజులకొకసారి ఇద్దరిద్దరం వంతుల వారీగా పర్యవేక్షణ చేస్తే ఎవరికీ భారం కాదు. మొదటి వంతుకు నా పేరు రాసుకోవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను. నా తరవాత పేర్లు మీరు చెప్పాలి. వాటితోపాటు ఇళ్లలో ఉన్న యువకులను, మనవలను కూడా చేర్చండి, ఎందుకంటే చివరికి రిజిస్టరు వారికే అప్పగించాలి.

వచ్చే చవితికి కాకపోయినా, ఆ పై చవితికైనా మన భవనం వెనుక నుంచి గరిక, ఉత్తరేణి పిల్లల చేత కోయించి పూజలో పెట్టుకోగలిగితే మన శ్రమ ఫలించినట్టే. ఆ స్థలంలో ఏమి మొలవాలో వచ్చే వానల్లోపే మనం తేల్చుకోవాలి. ఆలోచించి తీర్మానం చేయవలసిందిగా కార్యవర్గానికి విజ్ఞప్తి చేస్తున్నాను.